సోమశిలకు ఎప్పుడు వెళ్ళాలి?

కేలండరు చూసే తీరు తరానికో రకంగా మారుతూ వస్తోంది. మా అమ్మ గోడమీద కేలండరు ముందు నిలబడిందంటే ఏకాదశి ఎప్పుడు, అమావాస్య ఎప్పుడు, దుర్ముహూర్తం ఎంతసేపు – ఇవే చూసేది. నేను చూస్తే పాలలెక్క, గ్యాసుబండ వచ్చిన తేదీ. మా అమ్మాయికి ఇవేవీ అక్కర్లేదు. పండగ శుక్రవారం పడిందా, సోమవారం పడిందా? పడితే శని, ఆదివారాలు కలుపుకుని మూడు రోజులు. "లాంగ్ వీకెండ్!" అని ఇల్లెగిరిపోయేలా కేక పెడుతుంది. ఇంతకీ ఆ పండగేమిటో మాత్రం మళ్ళీ నన్నే అడుగుతుంది.

ఈసారి కేక వెనకాలే ఊరి పేరు కూడా వచ్చింది. సోమశిల. పెన్న మీద ఆనకట్ట వున్న నెల్లూరు సోమశిల కాదు సుమండీ. నాగర్‌కర్నూలు జిల్లాలో, కొల్లాపూరుకి ఓ 10 కిలోమీటర్ల అవతల, కృష్ణ ఒడ్డున వున్న సోమశిల. హైదరాబాదు నుంచి సుమారు 180 కిలోమీటర్లు. పొద్దున్నే పులిహోర కలుపుకుని బయల్దేరితే ఎండెక్కేసరికి నీళ్ళ పక్కన కూర్చుని తినొచ్చు.

"కొండల మధ్య నీలంగా ఇంత సరస్సు, మధ్యలో చిన్న చిన్న దీవులు. మాల్దీవుల్లా వుంటుందిట" అంది అమ్మాయి. దానికి ఆగస్టు సెలవులకి వెళ్ళాలని. మావారికి దసరా అయితే వీలు. అత్తయ్యేమో, "శివుడి కోసం వెళ్ళేటప్పుడు శివరాత్రికి వెళ్ళాలి గానీ ఇదేం సరదా అమ్మాయ్?" అన్నారు. ముగ్గురూ కలిసి నావైపు చూశారు. నవలలు రాసుకునేదాన్నే అయినా బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి ఇలాంటి తగవులన్నీ నా దగ్గరికే వస్తాయి. వారం రోజులు గడువడిగి ఆ ప్రాంతం చరిత్ర తిరగేశాను. తిరగేసిన కొద్దీ, ఎప్పుడు వెళ్ళాలన్న ప్రశ్న చిన్నదేమీ కాదని తేలింది. ఎందుకంటే మీరు ఏ నెలలో వెళ్ళారన్నదాన్ని బట్టి మీకు కనపడే ఊరే వేరు.

ముందుగా ఒక మాట. ఆడవాళ్ళ వయసు అడగకూడదంటారు గనక నాది చెప్పను గానీ, మా అమ్మాయి చూడాలని సరదా పడుతున్న ఆ సరస్సు మాత్రం నాకంటే చిన్నది. ప్రకృతి సౌందర్యం అనగానే అదేదో సృష్టి మొదలైనప్పటి నుంచీ అలాగే వుందనుకుంటాం. సోమశిల దగ్గర కొండల మధ్య విశాలంగా పరుచుకుని కనపడే నీళ్ళు శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు. 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దాదాపు ఇరవై ఏళ్ళు కట్టారు. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, 12 గేట్లు. సముద్రమట్టం లెక్కన 885 అడుగులకు నీళ్ళు నిలిస్తే ఆనకట్ట నిండినట్టు. అలా నిండినప్పుడు వెనక నీళ్ళు నల్లమల లోయల్లోంచి పైకి పాకి, సోమశిల దాటి, తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోటిదాకా వెళ్తాయి.

అంతకుముందు అక్కడ సరస్సు లేదు. నది వుండేది. వానాకాలం ఉరకలు వేసి, వేసవిలో బండల మధ్య సన్నగా సాగే నది. అవతలి ఒడ్డుకి పుట్టిలో దాటేవారు. పుట్టి అంటే ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు – వెదురుబద్దలతో అల్లి తోలు కప్పిన గుండ్రటి తెప్ప, పెద్ద గంపలా వుంటుంది. నది ఒడ్డునే ఒండ్రు పొలాలు. వానమీద ఆధారపడే పాలమూరు జిల్లాలో ఆ నదీతీరపు నేలలే బంగారం. ఊళ్ళూ, గుళ్ళూ, సంతలూ అన్నీ ఆ ఒడ్డునే పెరిగాయి.

ఆనకట్ట పూర్తయ్యేసరికి అటు మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు జిల్లాల్లో కలిపి వంద పైచిలుకు ఊళ్ళు మునిగాయి. పొలాలకు పరిహారం లెక్క కట్టింది ముందెప్పుడో. ఇళ్ళు ఖాళీ చేయించింది తరవాతెప్పుడో. ఈ రెంటికీ మధ్య ధరలు పెరిగిపోయాయి. చేతికొచ్చిన డబ్బుతో అంత పొలం కాదుగదా, అందులో సగం కొనడం కూడా చాలామందికి కుదరలేదు. 1981 వేసవిలో వానలు రాకముందే ఊళ్ళు ఖాళీ చేయాలని అధికారులు వచ్చి కూర్చున్నారు. కదలనివాళ్ళ ఇళ్ళు కూల్చారు. ఆ పనికి కాగితాల మీద పెట్టిన పేరు 'ఆపరేషన్ డిమాలిషన్'. పేరు పెట్టినాయనకి తెలుగులో 'ఇళ్ళు కూల్చడం' అని రాయడానికి నోరు రాలేదు కాబోలు.

దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ తట్ట మోసేవాళ్ళలో పాలమూరు కూలీలు వుంటారని ఒక మాట వుండేది. ఊరూరా తిరిగి ఆనకట్టలు కట్టిన జిల్లాకి తన వాకిట్లో ఆనకట్ట నీళ్ళు ఇలా వచ్చాయి.

ఇక్కడో లెక్క చూసి నేను కాసేపు ఆగిపోయాను. కృష్ణకి పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి, గురుడు కన్యారాశిలోకి వచ్చినప్పుడు. 2016లో జరిగాయి, అంతకుముందు 2004, 1992. ఇంకో పన్నెండు వెనక్కి లెక్కపెట్టండి – 1980. అంటే సోమశిల, మంచాలకట్ట, జటప్రోలు లాంటి ఒడ్డు గ్రామాలకి పాతచోట జరిగిన ఆఖరి పుష్కరం అది. దూరపు చుట్టాలందరూ వచ్చి, నదిలో మునిగి, పెద్దలకు పిండాలు పెట్టి, మళ్ళీ పుష్కరానికి వస్తామని చెప్పి వెళ్ళుంటారు. ఆ మరుసటి ఏడే ఇల్లు ఖాళీ. పన్నెండేళ్ళకు చుట్టాలొచ్చారు, నది వుంది, రేవు లేదు.

మనకి ప్రయాణమంటే పూర్వం ఇదేగా! పుష్కరం, గ్రహణస్నానం, శివరాత్రి, మాఘస్నానం. విహారయాత్ర అన్న మాట పుస్తకాల్లోనే. బండి కట్టుకుని, వంటసామాను వేసుకుని, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళింటి అరుగు మీదో సత్రంలోనో మకాం. పిల్లలకి నీళ్ళలో ఆట, ఆడవాళ్ళకి నాలుగు రోజులు ఇంటిచాకిరీ నుంచి విడుదల (వంట తప్పేది కాదనుకోండి), ముసలివాళ్ళకి పుణ్యం. ఒకే ప్రయాణంలో అందరి పనీ అయ్యేది. ఇప్పుడు ఒడ్డునే పర్యాటకశాఖ వారి కాటేజీలు వచ్చాయి, గది తాళం చేతికిస్తారు. అరుగులున్న ఇళ్ళు మాత్రం లేవు.

ఇళ్ళ సంగతి ఇలా వుంటే, గుళ్ళ సంగతి వేరు. వాటికి పలుకుబడి వుంది. నాగార్జునసాగర్ కట్టినప్పుడే మనవాళ్ళకి ఈ విద్య అలవడింది. 1954 నుంచి ఆరేళ్ళ పాటు నాగార్జునకొండ లోయంతా తవ్వి, దొరికిన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొండమీదా అనుపు దగ్గరా మళ్ళీ పేర్చారు. అదే పద్ధతి శ్రీశైలం ముంపులోనూ పాటించారు. గోడలో ప్రతి రాయికీ సున్నంతోనో రంగుతోనో నంబరు వేస్తారు. పటం గీస్తారు. పైనుంచి కిందికి విప్పుతారు. లారీల్లో తీసుకెళ్ళి, కొత్తచోట పునాది వేసి, కిందినుంచి పైకి అదే వరసలో పేరుస్తారు. చెప్పడానికి పిల్లల బొమ్మరిల్లంత సులువుగానే వుంది. కానీ పదమూడు వందల ఏళ్ళనాటి రాయి, విప్పేటప్పుడు పగిలితే దానికి జత ఎక్కణ్ణుంచి తెస్తారు?

సోమశిలలో మీరు చూసే లలితాంబికా సోమేశ్వరస్వామి గుడి అలా పైకొచ్చిందే. ఒకే ఆవరణలో పదిహేను చిన్న గుళ్ళు, వాటిలో ద్వాదశ జ్యోతిర్లింగాల పేర్లతో లింగాలు వుంటాయి. కాశీకి వెళ్ళలేనివాళ్ళు ఇక్కడే పన్నెండూ చూసుకోవచ్చు. అత్తయ్యకి ఈ ముక్క చెప్పగానే ప్రయాణానికి సగం ఒప్పేసుకున్నారు. మంచాలకట్టలో వున్న మాధవస్వామి ఆలయాన్ని కొల్లాపూరుకి తెచ్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి కూడా కొత్త ఊరికి మకాం మార్చాడు. ఈ జటప్రోలు సామాన్యమైన ఊరు కాదు. సురభివారి సంస్థానానికి మొదటి రాజధాని. చంద్రికాపరిణయం రాసిన సురభి మాధవరాయలు ఆ వంశం వాడే. పందొమ్మిదో శతాబ్దంలో రాజధానిని కొల్లాపూరుకి మార్చుకున్నారు. రాజులు ముందే మెరకకి వెళ్ళిపోయారన్నమాట. దేవుళ్ళు తరవాత వెళ్ళారు. జనం అందరికంటే ఆఖరు.

ఇలాంటి పనులకు ప్రపంచంలో పెద్ద ఉదాహరణ ఈజిప్టులో అబూసింబెల్. నైలునది మీద ఆస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, 1964 నుంచి 1968 దాకా యునెస్కో ఆధ్వర్యంలో, కొండలో చెక్కిన గుళ్ళను కోసి ముక్కలు చేసి పైకెత్తారు. పత్రికలన్నీ ఆహా అన్నాయి. అదే నీళ్ళకు ఊళ్ళు వదిలిన నూబియన్లు, ఈజిప్టు, సూడాన్‌లలో కలిపి సుమారు లక్షమంది. వాళ్ళ సంగతి స్కూలు పుస్తకాల్లో నేనెప్పుడూ చదవలేదు.

సరే, మూడు రోజుల సెలవుంది గదా, సోమశిల ఒక్కటే చూసి రావడమెందుకు? పడమటి దారిన వెళ్ళి చుట్టి రావచ్చు. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్‌ను విడగొట్టి కొత్త జిల్లాలు చేశాక వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు మూడూ వేరు వేరు జిల్లాలయ్యాయి. మనలాంటి యాత్రికులకి మూడూ ఒకే నీటిని పట్టుకుని వున్న ఊళ్ళు.

వనపర్తిలో రాజావారి భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. అది బయటినుంచి చూసి, మదనాపురం వైపు సరళాసాగర్‌కి వెళ్ళండి. రాజా రామేశ్వరరావుగారు తన తల్లి సరళాదేవి పేరుతో కట్టించిన జలాశయం, 1949లో మొదలై 1959లో పూర్తయింది. దీని గొప్పంతా సైఫన్లలో వుంది. నీళ్ళు ఒక మట్టానికి రాగానే గేటు ఎత్తే మనిషి లేకుండా వాటంతటవే బయటికి దూకుతాయి. మట్టం తగ్గితే వాటంతటవే ఆగుతాయి. పాలగిన్నె పొంగేముందు తనంతట తానే మంట తగ్గించుకున్నట్టు. అలాంటి స్టవ్వు ఎవరైనా కనిపెడితే మొదటి బేరం నాదే! అంతటి ఏర్పాటు వుండీ 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగింది. తరవాత బాగుచేశారు. నీటితో వ్యవహారం ఎప్పుడూ అంతే.

గద్వాలలో కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి వున్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు సోమనాద్రి కట్టించిన కోట. కోటలోనే కాలేజీ, ఆఖరి రాణి ఆదిలక్ష్మి దేవమ్మగారి పేరు మీద. విద్వద్గద్వాల అనేవారు ఈ సంస్థానాన్ని. కవులకి సత్కారాలు జరిగేవి. కవులేమో గానీ, నాలాంటి వాళ్ళు గద్వాల పోతే ముందు వెతికేది మగ్గాన్నే. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ విడిగా నేసి కుట్టినట్టు కనపడుతుంది గానీ కుట్టరు, మగ్గం మీదే అడ్డుపోగుల్ని ఒకదాంట్లో ఒకటి ముడివేస్తూ నేస్తారు. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చుని నాడె అందుకోవాలి. అగ్గిపెట్టెలో పట్టేలా మడవొచ్చని చెబుతారు. నేను ప్రయత్నించలేదు, నా దగ్గరున్న ఒక్క గద్వాల చీరనీ అగ్గిపెట్టె దరిదాపుల్లోకి పోనివ్వను. అక్కణ్ణుంచి జూరాల ఆనకట్ట దగ్గరికి వెళ్తే చేపలవేపుడు ఘుమఘుమలు. మావారు ఈ మజిలీ గురించి మాత్రం చరిత్ర అడగలేదు.

అలంపురం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కావాలంటే ఒక పూట. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో తుంగభద్ర ఒడ్డున కట్టిన తొమ్మిది గుళ్ళు. పేర్లన్నీ బ్రహ్మవే – తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, ఇలా. లోపల మాత్రం వున్నది శివుడు. శ్రీశైలం నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని తేలినప్పుడు, వీటిని విప్పడం మంచిదా, నీటిని ఆపడం మంచిదా అన్న ప్రశ్న వచ్చింది. నీటినే ఆపారు. నదికీ గుళ్ళకీ మధ్య పెద్ద కట్ట కట్టారు. అందుకే ఇప్పుడు అలంపురంలో గుడి ముందు నిలబడితే నది కనపడదు, కట్ట కనపడుతుంది. ఎక్కి చూడాలి. ఏ నది కోసం ఆ గుళ్ళు అక్కడ కట్టారో ఆ నది నుంచే వాటిని కాపాడుకోవలసి వచ్చింది. నాకు మటుకు ఇదే నయమనిపించింది. కట్ట అందంగా లేకపోతేనేం, రాయి కదల్లేదు.

కదిలిన గుడి కూడా ఆ పక్కనే వుంది. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లి అనే ఊళ్ళో వున్న సంగమేశ్వరాలయాన్ని విప్పుకొచ్చి అలంపురంలో నిలబెట్టారు. పాపనాశి గుళ్ళు, ఇరవైకి పైగా, వాటిని కూడా మెరకకి తెచ్చారు. రెండూ చూడండి. కూడవెల్లి గుడి గోడల మీద శిల్పాలు చూస్తే విప్పి కట్టినట్టు ఎక్కడా తెలీదు. కానీ సంగమేశ్వరుడు అన్న పేరుకి చుట్టూ సంగమం లేదు. చక్కటి పచ్చికలో నిలబడి వున్నాడు, పెన్షన్ తీసుకున్న పెద్దమనిషిలా.

అలంపురం గురించి చెప్పేటప్పుడు గడియారం రామకృష్ణశర్మగారిని తలచుకోకపోతే తప్పు. ఆ ఊళ్ళోనే వుండి, ఆ శాసనాలు చదివి, ఆ గుళ్ళ చరిత్ర రాసి, వాటికోసం కనపడ్డ ప్రతివాళ్ళనీ అడిగిన మనిషి. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అంత మారుమూల అలంపురంలో జరిగాయంటే, సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతటివారు ఆ సభలకి వచ్చారంటే, వెనక వున్నది ఆయన పట్టుదలే. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కి 2007లో, ఆయన పోయిన తరవాత, కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ప్రతి ఊరికీ ఇలాంటి ఒక్కరుంటే చాలు. మునిగిన వంద ఊళ్ళలో ఎన్నింటికి ఇలాంటివారు దొరికారు?

రాసినవాళ్ళు లేకపోయినా చెప్పేవాళ్ళున్నారు. గడువులో వున్న వారం రోజుల్లోనే ఒకనాడు నేనొక్కదాన్నీ బస్సులో కొల్లాపూరు వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో సోమశిల వెళ్ళొచ్చాను. గుడి మెట్ల మీద ఒక అవ్వ కూర్చుని వుంది. "యాడనుంచి వస్తివి బిడ్డా, ఒక్కదానివే?" అని పలకరించింది. చెప్పాను. మాటల్లో ఆమెది నీళ్ళలో పోయిన ఊరని తెలిసింది. చెయ్యి చాపి నీళ్ళమీద ఒకచోటు చూపించింది. "గా పడవ పోతుండె సూడు, దానికి ఇవతల మా ఇల్లుండె. ఇంటిముందల యాపచెట్టు. చెట్టు కొట్టనియ్యలే మా మామ. నీళ్ళే కొట్టుకపోనీ అన్నడు." నాకు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె మాత్రం వీధి వీధినా ఎవరిల్లు ఎక్కడో వరసగా చెప్పుకుపోయింది. పెళ్ళయి వచ్చేసరికి పద్నాలుగేళ్ళుట. ఆ వీధిలో ఆమె కాపురం చేసింది పదేళ్ళు కూడా కాదు.

"ఏం ఇచ్చారవ్వా?" అన్నాను.

"ఇచ్చిన్రు. ఇచ్చినకాడికి అయిపాయె. నౌకరి అన్నరు, మావోడు అప్పటిసంది తిరుగుతనే వుండె."

ఆ నౌకరీ కథ మాటవరసకి అన్నది కాదు. ప్రాజెక్టుల కింద ఇల్లూ పొలం పోయిన కుటుంబంలో ఒకరికి ప్రభుత్వోద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. కొల్లాపూరు ప్రాంతంలో 'తొంభై ఎనిమిది జీవో' అంటే చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. చాలామంది పేర్లు జాబితాల్లోనే వుండిపోయాయి. దరఖాస్తు పెట్టినప్పుడు మీసం రాని కుర్రాళ్ళు, మనవల్ని ఎత్తుకునే వయసులో కూడా ధర్నాలకు వెళ్ళారు. ఉద్యోగానికి వయోపరిమితి వుంటుంది గానీ జీవోలకు వుండదు కాబోలు.

నీళ్ళ లెక్క కూడా వినండి. ఈ జలాశయం నుంచి విద్యుత్తు వచ్చింది, రాయలసీమకు కాలువలు వెళ్ళాయి, తెలుగుగంగ ద్వారా 1996 నాటికి మద్రాసు దాకా నీళ్ళు చేరాయి. దాహానికి నీళ్ళివ్వడం పుణ్యం, దానికి నేను వంక పెట్టను. కానీ నీళ్ళ ఒడ్డునే వున్న కొల్లాపూరు పొలాలకు ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు తిరగడానికి, ఊళ్ళు మునిగాక ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఈలోగా జలాశయం అడుగున పూడిక చేరుతూనే వుంది. మొదట 308 టీఎంసీలు పడుతుందన్నది తరవాతి కొలతల్లో 215 చిల్లరకి దిగింది. అంటే ఆ ఊళ్ళమీద ఇప్పుడు వున్నవి నీళ్ళే కాదు, మట్టి కూడా.

ఇక మా ఇంట్లో తగవు తీర్పు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వెళ్తే, వరద బాగా వచ్చిన ఏడు, 885 అడుగుల దరిదాపుల్లో నీళ్ళుంటాయి. అమ్మాయి అడిగిన సరస్సు అదే. దీవులు, పడవలు, సూర్యాస్తమయం, ఫోటోలు. శ్రీశైలానికి లాంచీ నడిపేది కూడా నీళ్ళు నిండుగా వున్న రోజుల్లోనే. తూర్పు సముద్రతీరం నుంచి వలసొచ్చిన జాలరులు ఒడ్డున గుడిసెలు వేసుకుని వుంటారు, వాళ్ళ దగ్గర చేప తాజాగా దొరుకుతుంది. చలికాలం కూడా హాయిగానే వుంటుంది. సంక్రాంతి తరవాత అయితే దగ్గర్లోనే సింగోటం జాతర. చెరువు ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి గుడి, ఎడ్లబండ్లు, బొరుగులూ బత్తాసులూ.

పడవ ఎక్కేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నీళ్ళు ఫోటోలో కనపడినంత మెత్తనివి కావు. పుట్టిలో దాటే నది సరస్సయ్యాక, అవతలి ఒడ్డు దూరమైపోయింది. ఎదురుగా కనపడే కర్నూలు వైపు ఊరికి రోడ్డు మీద వెళ్ళాలంటే పెద్ద చుట్టు. చుట్టరికాలు, దేవుళ్ళు, బేరాలు మాత్రం పాతవే. కాబట్టి జనం పడవలే ఎక్కేవారు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కిక్కిరిసిన పడవ మునిగి అరవైమందికి పైగా పోయారు. సోమశిల నుంచి సిద్దేశ్వరం వైపు వంతెన కావాలని అప్పటినుంచీ అడుగుతూనే వున్నారు. 2022లో కేంద్రప్రభుత్వం వెయ్యికోట్లకు పైగా ఖర్చుతో తీగల వంతెన మంజూరు చేసింది. అందుచేత, లైఫ్ జాకెట్టు ఇస్తే చీర నలుగుతుందని పక్కన పెట్టకండి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఎక్కువమంది ఎక్కుతుంటే తరవాతి పడవకి ఆగండి.

శివరాత్రి నుంచి ఎండాకాలం దాకా వెళ్తే సరస్సు దిగిపోతూ వుంటుంది. ఫోటోలకి బాగుండదు. ఒడ్డంతా బురద, ఎండిన బురద, దానిమీద పగుళ్ళు. కానీ నాకు చూడాలని వున్నది అప్పుడే. అవతలి ఒడ్డున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, సంగమేశ్వరం వుంది. కూడవెల్లి సంగమేశ్వరుడు వేరు, ఈయన వేరు. ఏడు నదులు కలిసే చోటంటారు. ఇక్కడి లింగం రాయి కాదు, వేపచెట్టు మొద్దు. ధర్మరాజు లింగప్రతిష్ఠకి కూర్చుంటే, కాశీ నుంచి లింగం తెస్తానని వెళ్ళిన భీముడు ముహూర్తానికి రాలేదుట. మగవాళ్ళని బజారుకి పంపితే ఏ యుగంలోనైనా ఇంతే! వేపమొద్దునే లింగంగా నిలిపి పూజ కానిచ్చారుట.

ఈ గుడిని ఎవరూ పైకి తీసుకెళ్ళలేదు. ఆనకట్ట నిండాక ఇరవై ఏళ్ళకి పైగా నీళ్ళలోనే వుండిపోయి 2003లో బయటపడింది. తరవాత ఏటా నీళ్ళు 840 అడుగుల కిందికి దిగేసరికి ముందు శిఖరం కనపడుతుంది. కొన్ని ఏళ్ళలో శివరాత్రి నాటికే, కొన్ని ఏళ్ళలో ఇంకా ఆలస్యంగా. తరవాత కప్పు, తరవాత గోడలు, ఆఖరున గర్భగుడిలో ఆ వేపలింగం. బురద కడిగి దీపం పెడతారు. చుట్టూ వూరి మొండిగోడలు తేలతాయి. జులైలోనో ఆగస్టులోనో మళ్ళీ వరద వస్తుంది. నీళ్ళు గర్భగుడిలోకి వచ్చేదాకా లోపల పూజ చేస్తారు, ఆ తరవాత పడవలో వచ్చి శిఖరానికి చేస్తారు. అది కూడా మునిగాక పూజారి ఒడ్డుకి వెళ్ళిపోతాడు.

మా అమ్మాయి ఆగస్టే కావాలంది, ఫోటోల కోసం. సరేనన్నాను. దానితోబాటు ఏప్రిల్‌లో వచ్చే ఒక శుక్రవారం పండగ మీద కూడా పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టాను. అవ్వ నన్ను పంపించేటప్పుడు అడిగిందీ అదే మరి: "నిండినంక ఏం సూస్తవు బిడ్డా? ఎండలల్ల రా. బాయిగోడ దాకా పోవస్తది."